పదకొండు సెకన్ల మనిషి

మా ఆసుపత్రిలో కిడ్నీ రోగుల వ్యాను నడిపే ముసలి డ్రైవరు నడుం నొప్పితో పని మానేశాడు. వారం తిరిగేసరికి ఆ ఉద్యోగానికి పదహారు దరఖాస్తులు వచ్చి నా బల్ల మీద పడ్డాయి. నేను నియామకాల విభాగంలో పనిచేస్తాను. విభాగం అంటే పెద్దదేమీ కాదు. నేను, మా ఆఫీసరుగారు, ఒక బీరువా, పూటకోసారి కాగితం మింగి కూర్చునే ప్రింటరు. దరఖాస్తులు చదివి, ఆ మనుషుల గురించి ఇంటర్నెట్‌లో ఏం దొరుకుతుందో వెతికి, 'తీసుకోవచ్చు' అనో 'వద్దు' అనో ఒక పేజీ రాసివ్వడం నా పని. ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. ఒక్కో మనిషికి ఇరవై నిమిషాలు.

తొమ్మిదో దరఖాస్తు యాభై రెండేళ్ళ మనిషిది. ఇరవై మూడేళ్ళు సిటీ బస్సు నడిపాడు. 'పాత ఉద్యోగం ఎందుకు వదిలారు' అన్న గడిలో అందరూ 'సొంత కారణాలు' అని రాసి ఊరుకుంటారు. ఈయన మాత్రం గుండ్రటి అక్షరాలతో 'ఒక వీడియో వల్ల. మీరు చూసే ఉంటారు' అని రాశాడు.

చూసే ఉన్నాను. పేరు సగం కొట్టగానే మిగతా సగం, దాని పక్కన 'బస్సు, ముసలమ్మ, వాన' అని తెరే చెప్పేసింది. పదకొండు సెకన్ల వీడియో. కుండపోత వాన. సిటీ బస్సు ఒకటి స్టాపు నుంచి కదులుతుంటుంది. గోధుమరంగు కోటు వేసుకున్న ఒక ముసలామె దాని వెంట నాలుగడుగులు పరిగెత్తి, అరచేత్తో బస్సు పక్కభాగాన్ని దబదబా బాదుతుంది. బస్సు ఆగదు. చక్రాల కింది నీళ్ళు ఆమె మీదికి చిమ్ముతాయి. వెనక కారులోంచి ఫోనులో తీస్తున్నవాడి గొంతు, "చూడండి, అసలు మనిషేనా వీడు!" అంటుంది. అంతే, అయిపోతుంది. ఎనిమిది నెలల కిందట పన్నెండు లక్షలమంది చూశారు దాన్ని.

కింద జనం రాసిన కామెంట్లు చదవసాగాను. అదీ నా పనిలో భాగమే. అన్నిటికన్నా పైన, ఎక్కువమంది మెచ్చినది ఇలా ఉంది: "ఇలాంటివాడి చేతికి స్టీరింగు ఇచ్చినవాళ్ళని అనాలి. కన్నతల్లినైనా వీడు ఇలాగే నడిరోడ్డు మీద వదిలేస్తాడు." రాసినవాళ్ళ పేరు పక్కన పిల్లి ఫోటో.

ఆ పిల్లి మా పిల్లి. ఆ మాటలు నావి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే మా అమ్మ వానలో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు మార్పించడానికి తీసుకెళ్ళి, డాక్టరు పిలుపు కోసం కూర్చుని ఫోను తిప్పుతుంటే ఆ వీడియో వచ్చింది. ఆ ముసలామెలో నాకు అమ్మ కనిపించింది. ఒళ్ళు మండి రెండు వాక్యాలు రాసి, ఫోను సంచిలో పడేసి, మర్చిపోయాను. మూడువేల నాలుగువందలమంది వాటిని మెచ్చుకున్నారన్న సంగతి ఇదిగో ఇప్పుడు తెలిసింది.

ఆఫీసరుగారు నా వెనకనుంచి తొంగిచూశారు. "ఆయనా? వద్దమ్మా. రేపు ఎవరో ఒకరు మన వ్యానులో ఈ మొహాన్ని గుర్తుపట్టారంటే ఆసుపత్రిని ఉతికి ఆరేస్తారు."

"ఒకసారి పిలిచి మాట్లాడదాం సార్."

"మాట్లాడేదేముంది? కళ్ళతో చూస్తూనే ఉన్నాంగా."

"పదకొండు సెకన్లే చూస్తున్నాం సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటున్నారంటే సగం ఒప్పుకున్నట్టే. "సరే, ఎల్లుండి సాయంత్రానికి నీ కాగితం నా బల్ల మీద ఉండాలి. అవతల పేషెంట్లు దొరికిన బండి పట్టుకుని ఆలస్యంగా వస్తున్నారు, సిస్టర్లు నన్ను తినేస్తున్నారు."

కామెంటు సంగతి ఆయనకి చెప్పలేదు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"కన్నతల్లిని అన్నావా?"

"అన్నానమ్మా."

"ఆయనకి తల్లి ఉందో లేదో నీకేం తెలుసే? ఉంటే ఎలా చూసుకుంటున్నాడో నువ్వేమైనా వెళ్ళి చూశావా?"

"లేదు."

"మరి రేపు పిలిచి అడుగు. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడుగు. ముందే మొహం మాడ్చుకుని కూర్చోకు, నీకా అలవాటుంది."

మర్నాడు పొద్దున పది గంటలకి రమ్మంటే ఆయన తొమ్మిదిన్నరకే వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచిలో లైసెన్సు, కంటిపరీక్ష కాగితాలు. బస్సు పని పోయాక ఒక గరాజులో కార్లు కడుగుతున్నాడట. ఆ చేతుల వేళ్ళు నీళ్ళలో నాని ముడుచుకుపోయి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"ఆ రోజు ఏం జరిగిందండీ?" అని అడిగాను.

ఆయన నా మొహంకేసి చూసి, "మీరు నిజంగా అడుగుతున్నారా, లేకపోతే అడిగామని చెప్పుకోవడానికి అడుగుతున్నారా?" అన్నాడు.

"అడుగుతున్నాను."

"అయితే చెప్తాను మేడమ్. ఆవిడ ఎక్కడానికి రాలేదు. నా బస్సులోంచే దిగారు. 'మెల్లగా దిగండమ్మా, నీళ్ళున్నాయి' అని నేనే అన్నాను. దిగారు, తలుపు మూశాను, బండి కదిలించాను. ఆవిడ తిరిగి ఎందుకు వచ్చారో, ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. రేకు మీద వాన చప్పుడనుకున్నాను. పక్క అద్దం నిండా నీళ్ళు, ఏమీ కనపడలేదు. కనపడనప్పుడు ఆగి, కిటికీ దించి చూడాలి. చూడలేదు. ఆ తప్పు మాత్రం నాదే."

"ఈ మాట డిపోలో చెప్పలేదా?"

"చెప్పకేం? సాక్ష్యం తెమ్మన్నారు. బస్సులో కెమెరా ఎప్పుడో పాడైంది. ఆవిడెవరో నాకు తెలియదు. కనుక్కుందామని రెండుసార్లు ఆ స్టాపు దగ్గరికి వెళ్ళాను. జనం గుర్తుపట్టి మళ్ళీ ఫోన్లు తీశారు. ఇంక వెళ్ళలేదు. రాజీనామా ఇచ్చేస్తే అందరికీ నయం అన్నారు. ఇచ్చేశాను."

ఆయన చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. ఎవరైనా చెప్పగలిగిన మాటే అది. ఆయన వెళ్ళాక వీడియో మళ్ళీ పెట్టాను. ఈసారి శబ్దం తీసేసి, ఒక్కో క్షణం ఆపుతూ చూశాను. అంత వానలో, పైకప్పు లేని స్టాపులో బస్సు కోసం నిలబడ్డ మనిషి నిలువునా తడిసి ఉండాలి. మొదటి సెకనులో ఆ ముసలామె తల పొడిగా ఉంది. భుజాలు పొడిగా ఉన్నాయి. అప్పుడే బస్సులోంచి దిగిన మనిషిలా ఉంది. అదే వీడియోని ఎనిమిది నెలల కింద కూడా చూశాను, తల పొడిగా ఉందా తడిసి ఉందా అని చూడలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆ స్టాపుకి వెళ్ళాను. ఎదురుగా జిరాక్సు కొట్టు, తాళంచెవులు చేసేవాడి బడ్డీ. జిరాక్సు కొట్టతను వీడియో చూసి నవ్వాడు.

"బొత్తాలమ్మ కదండీ! పక్క వీధిలో మూడో కొట్టు. ఆవిడ ఫేమస్ అయిపోయిందని మేం అప్పట్లో తెగ చెప్పుకున్నాం."

"ఆవిడతో చెప్పారా?"

అతను ఫోను నాకు తిరిగిచ్చాడు. "చెప్పే ఉంటార్లెండి ఎవరో ఒకరు."

బొత్తాలమ్మ కొట్టు మంచమంత ఉంది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపలున్న బొత్తం ఒకటి కుట్టి ఉంది. డెబ్బై దాటిన మనిషి. పైన కొక్కేనికి గోధుమరంగు కోటు వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే, "ఏ సైజు కావాలి తల్లీ?" అంది.

"బొత్తాలకి రాలేదమ్మా, మీతో మాట్లాడాలని వచ్చాను. ఒక్కసారి ఇది చూస్తారా?"

ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఓసి! ఇది నేనే! అమ్మో, ఆ కోటులో ఇంత లావుగా కనపడతానా? ఒక్కరైనా చెప్పలేదేమే?" అని పకపకా నవ్వింది. "ఎదురు కొట్టువాడు 'నువ్వు ఫోనులో పడ్డావు' అంటే వేళాకోళం అనుకున్నాను. నాది నొక్కుడు ఫోను, ఇందులో నేనేం చూస్తాను?"

"బస్సు మిమ్మల్ని ఎక్కించుకోకుండా పోయిందా అమ్మా?"

"ఎక్కడమేమిటి, దిగితేనూ! దిగి రెండడుగులు వేశాక గొడుగు గుర్తొచ్చింది. సీటు కింద పెట్టి మర్చిపోయాను. మా ఆయన గొడుగు అది, ఆయన పోయాక నేనే వాడుతున్నాను. దానికోసం పరిగెత్తి బాదాను. ఆ వానలో ఎవరికి వినపడుతుంది పాపం! మూడో రోజు డిపోకి వెళ్తే గొడుగు భద్రంగా ఉంది. ఆ డ్రైవరే సాయంత్రం బస్సు ఊడ్పించేటప్పుడు చూసి తెచ్చిచ్చాడట. ఈ రోజుల్లో ఎవరిస్తారు చెప్పు? సంతకం పెట్టి తెచ్చుకున్నాను."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. మెల్లగా మిగతాది చెప్పాను. వీడియో ఎంతమంది చూశారో, ఆ డ్రైవరుని ఏమన్నారో, ఆయన ఉద్యోగం ఎలా పోయిందో, ఇప్పుడు ఏం చేస్తున్నాడో.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. సూది పెట్టెలో పెట్టేసింది.

"ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలమ్మా."

"లక్షలమంది నా తరఫున పోట్లాడారా? పోట్లాడేముందు నన్నొక్కమాట అడగద్దూ? నేనేమన్నా దేశాలు పట్టిపోయానా, ఇక్కడే ఉన్నానుగా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టు తీసుకుని!"

ఆవిడ లేచి కోటు తగిలించుకుంది. "పద. ఎక్కడికి రావాలో చెప్పు."

డిపో సమయం అయిపోయింది కాబట్టి మర్నాడు పొద్దున కలిసి వెళ్ళాం. పోయిన వస్తువుల గదిలో గుమాస్తా పాత పుస్తకం దించి, దుమ్ము దులిపి, పేజీ తీశాడు. ఆ తేదీ, ఆ బస్సు నంబరు, 'నల్ల గొడుగు, వంకీ పిడి'. తెచ్చిచ్చినవారి చోట డ్రైవరు సంతకం. మూడోరోజు తేదీతో తీసుకున్నవారి చోట బొత్తాలమ్మ సంతకం. గొడుగుల పుస్తకం ఈ గదిలో ఉంది. విచారణ జరిగింది మూడు గదుల అవతల. ఎవరూ ఇటు నడిచి రాలేదు. గుమాస్తా ఆ పేజీ నకలు తీసి ముద్ర వేసిచ్చాడు. ఇస్తూ, "మంచి డ్రైవరండీ. మేమూ అప్పుడు నోరు మూసుకున్నాం," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బొత్తాలమ్మని మా ఆఫీసుకి తీసుకొచ్చి ఫోను చేస్తే, మధ్యాహ్నానికి డ్రైవరు భార్యతో సహా వచ్చాడు. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. జాకెట్టు చేతికి గుచ్చుకున్న గుండుసూది తీయకుండానే వచ్చేసింది. బొత్తాలమ్మ ఆయన్ని చూడగానే లేచి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, గుర్తుపట్టావా?"

"మెల్లగా దిగమన్నాను మీకు," అన్నాడు ఆయన.

"అన్నావు, నాయనా. ఇంట్లోవాళ్ళు కూడా అనరు అలాగ. నా పాడు గొడుగు నీ కొంప ముంచింది."

"ఆ గొడుగు మీదేనా!" ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "వానాకాలంలో రోజుకో గొడుగు దొరుకుతుందమ్మా. మీదని తెలియక…" మొహం అటు తిప్పుకుని, మా ప్రింటరు వంక చూస్తూ నిలబడ్డాడు. చెంపల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "మీకు రుణపడి ఉంటామండీ. ఎన్ని తిట్లు తిట్టినా ఈయన దులిపేసుకున్నాడు. ఒక్క మాట మాత్రం పట్టుకుని వదల్లేదు. కన్నతల్లిని రోడ్డు మీద వదిలేస్తాడని ఎవరో రాశారు, పిల్లి ఫోటో పెట్టుకుని. అప్పటికి మా అత్తయ్య నాలుగేళ్ళుగా మంచంలో ఉంది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఈయనే ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి వెళ్ళేవాడు. మొన్న వేసవిలో పోయింది."

చెప్పకుండా ఉండిపోవచ్చు. అమ్మకి తప్ప అది ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ అరచెయ్యి నా చేతి మీద వెచ్చగా ఉంది. ఆ చేతిని అలా పట్టుకోనిచ్చి ఊరుకోవడం నావల్ల కాలేదు.

"అది నేనే రాశానండీ," అన్నాను.

ఆఫీసరుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారని నేను అప్పుడే చూశాను. ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

"మీ గురించి నాకేమీ తెలియదు. మా అమ్మ పడి చెయ్యి విరగ్గొట్టుకున్న కోపం మీమీద చూపించాను. మీ కాగితం నా దగ్గరికి వచ్చినరోజే అది నా మాటేనని చూసుకున్నాను. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు."

డ్రైవరు మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. తర్వాత అన్నాడు: "మా అమ్మకి అది ఎవరూ చదివి వినిపించలేదు మేడమ్. అదొక్కటీ అదృష్టం." మళ్ళీ తనే, "చూసుకున్నాక మీరు నా కాగితం పక్కన పడేసి ఉండచ్చు. మీకదే సుఖం. పడెయ్యకుండా ఈవిడ దాకా వెళ్ళారు. నాకు అది చాలు," అన్నాడు.

"ఆయన అలాగే అంటాడు," అంది భార్య. "నాకు మాత్రం కొన్నాళ్ళు పడుతుంది. దాచకుండా చెప్తున్నాను."

"పట్టనివ్వండి," అన్నాను. ఆ మాటకి కూడా నాకు ఆమె మీద కృతజ్ఞతే కలిగింది. దొంగ మాట చెప్పి నన్ను తేలికపరచలేదు.

బొత్తాలమ్మ ముక్కు చీదుకుని, "ఏడుపులు అయిపోతే ఒక కాగితం ఇలా ఇవ్వండి, నేను చెప్పాల్సింది రాస్తాను. కొట్టు మూసి వచ్చాను," అంది.

సాయంత్రానికి నా పేజీ రెండు పేజీలైంది. వీడియోలో కనిపించేది, కనిపించనిది, ముసలామె మాట, గొడుగుల పుస్తకం, అన్నీ రాశాను. అద్దంలో ఏమీ కనపడకపోయినా ఆగి చూడకుండా బండి కదిలించడం పొరపాటేనని, దాన్ని ఆయనే ఒప్పుకున్నాడని కూడా రాశాను. చివర నా కామెంటు సంగతి రాశాను. ఆఫీసరుగారు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చివరిది రాయక్కర్లేదేమో కదమ్మా?"

"రాయాలి సార్. ఈ పేజీ ఎవరు రాశారో చదివేవాళ్ళకి తెలియాలి."

ఆయన సంతకం పెట్టి, కాగితం నాకు తిరిగి ఇస్తూ, "నేనూ చూశాన్లే ఆ వీడియో అప్పట్లో. రాయలేదు కానీ, నలుగురికి పంపించాను," అన్నారు. మూడునెలలు పరీక్షగా చూసి, తర్వాత ఖాయం చేసే షరతుతో డ్రైవరుని తీసుకున్నారు.

ఆ రాత్రే నా పాత కామెంటు తీసేసి, అదే చోట జరిగింది జరిగినట్టు, నా తప్పుతో సహా రాశాను. మూడువేల నాలుగువందల మెప్పులు వచ్చిన చోట దీనికి పందొమ్మిది వచ్చాయి. వీడియో తీసినతనికి బొత్తాలమ్మ రాసిన కాగితం ఫోటో పంపాను. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకరోజు వీడియో మాయమైంది. వేరేవాళ్ళు పెట్టుకున్న నకళ్ళు ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. అవి కనపడ్డప్పుడల్లా కింద అదే మాట రాస్తాను. కొందరు నన్నూ తిడతారు. చదువుకుంటాను.

మొదటివారం ఒక పేషెంటు, పాత లెక్కల మాస్టారు, కొత్త డ్రైవరుని గుర్తుపట్టి వ్యాను ఎక్కనన్నాడు. సిస్టరు సంగతి చెప్పబోతే డ్రైవరే వద్దన్నాడట. "ఇవాళ్టికి వేరే బండిలో రండి మాస్టారూ, మిమ్మల్ని బలవంతపెట్టను," అని ఆ బండి తానే పిలిచి, ఎక్కించి, తలుపు వేశాడట. మరుసటి డయాలసిస్‌కి మాస్టారు ఏమీ అనకుండా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ సీటు వేరేవాళ్ళకి ఇవ్వడు.

మొన్న గురువారం వ్యానులో తోడు వెళ్ళే అమ్మాయి సెలవు పెడితే నన్ను వెళ్ళమన్నారు. నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద ఉండి వచ్చినవాళ్ళు పీల్చేసినట్టయి ఉంటారు. ఆరుగురూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గతుకు వస్తుందంటే ఆయన ముందే చెప్పేవాడు. బ్రేకు ఎప్పుడు వేశాడో తెలిసేది కాదు. ప్రతి ఇంటి ముందూ దిగి, మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, తిరిగి వచ్చి, వ్యాను చుట్టూ ఒకసారి నడిచి చూసుకునేవాడు. అప్పుడు గానీ కదిలించడు. దాన్ని పేషెంట్లు 'గస్తీ' అంటారు.

"ఇంత మంచివాణ్ణి ఎక్కడ పట్టుకొచ్చారమ్మా?" అని అడిగింది చివర దిగిన పెద్దావిడ.

"ఆయనే వచ్చారండీ. మేం మాత్రం పిలిచి అడిగాం," అన్నాను.

పొద్దు వాలుతుండగా నన్ను మా ఇంటి సందు మొదట్లో దింపెయ్యమన్నాను. వినలేదు, గుమ్మం దాకా తెచ్చాడు. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఆయన వ్యాను దిగి నమస్కారం పెట్టి, "చెయ్యి బాగైందా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ మణికట్టు తిప్పి చూపించింది. "బాగైంది బాబూ. లోపలికి రా, కాసేపు కూర్చో," అంది.

ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు.